బ్రేకు స్లాక్ బిగిస్తే సరిపోతుందా? లారీ తనిఖీ, మరమ్మతు, రికార్డులపై మీ ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఆటోనగర్, కాటేదాన్, పటాన్‌చెరు, మేడ్చల్ వైపు నుంచి వచ్చాయి. పొడవుగా ఉన్నవాటిని కుదించాం. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే ఒక్కరిదే వేశాం.

ప్రశ్న: ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు చదివి వనస్థలిపురం ఆటోనగర్‌లో ఒక గ్యారేజీలో హెల్పర్‌గా చేరాను. పొద్దున్నే బండి చుట్టూ తిరిగి చూసి బయటికి పంపొచ్చో లేదో చెప్పమంటారు మా ఉస్తాద్. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చూడాలి? (హయత్‌నగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఎక్కడైనా మొదలుపెట్టండి, కానీ రోజూ అక్కడే మొదలుపెట్టి ఒకే దిశలో తిరగండి. ఇవాళ కుడి నుంచి, రేపు ఎడమ నుంచి తిరిగితే ఏదో ఒక చక్రం తప్పిపోతుంది. అదీ ఎప్పుడూ వెనక జంటలో లోపలి చక్రమే.

స్టార్ట్ చేయకముందు వంగి బండి కింద నేల చూడండి. నల్లగా పల్చగా కారితే ఇంజిన్ ఆయిల్. చిక్కగా, ముక్కుకు ఘాటుగా తగిలితే గేరుబాక్సు ఆయిల్ గానీ హౌసింగ్ (వెనక యాక్సిల్) ఆయిల్ గానీ. వెనక చక్రం లోపలి వైపు టైరు గోడ మీద తడి కనిపిస్తే హబ్ సీలు పోయిందన్నమాట. ఆ ఆయిల్ బ్రేకు లైనర్ల (డ్రమ్మును రాసి బండిని ఆపే పట్టీల) మీదికి చేరితే ఆ చక్రానికి బ్రేకు లేనట్టే, బండి అక్కడే ఆపాలి.

డిప్‌స్టిక్, కూలెంట్ మట్టం, బెల్టులు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. డీజిల్ వాటర్ సెపరేటర్ ప్లగ్గు వదులు చేసి గాజు గ్లాసులోకి కొంచెం పట్టండి. అడుగున నీటిబొట్లు నిలిస్తే ఉత్త డీజిల్ వచ్చేదాకా వదలండి. తర్వాత బ్రేకులకు గాలి నిల్వ ఉండే ఎయిర్ ట్యాంకుల డ్రెయిన్. ఉత్త గాలి వస్తే మంచిదే. నీళ్లు వస్తే ఎయిర్ డ్రయ్యర్ కార్ట్రిడ్జి పని అయిపోవచ్చిందని అర్థం. మజ్జిగలా తెల్లటి జిడ్డు వస్తే కంప్రెసర్ రింగుల దగ్గర నుంచి ఆయిల్ తోస్తోంది. అలాంటప్పుడు కార్ట్రిడ్జి ఒక్కటే మార్చి పంపితే కొత్తదీ అదే ఆయిల్‌తో నిండిపోతుంది.

ఇప్పుడు స్టార్ట్ చేసి గాలి గేజీ చూడండి. చాలా బండ్లలో 8 బార్ల దగ్గర కంప్రెసర్ కట్ అవుతుంది, కొత్త మోడళ్లలో ఇంకా పైన. కట్ అయ్యాక ఇంజిన్ ఆపి, బ్రేకు పెడల్ గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. తొక్కిన వెంటనే ముల్లు కొద్దిగా పడుతుంది, అది లెక్కలోకి రాదు. ఆ తర్వాత నిమిషంలో 0.2 బార్ కన్నా ఎక్కువ పడితే లీకుంది. తర్వాత పెడల్ తొక్కుతూ వదులుతూ గాలి దించేయండి. 5 బార్ల దరిదాపుల్లోకి రాగానే బజర్ మోగాలి, ఎర్ర లైటు వెలగాలి. బజర్ విసుగని వైరు పీకేసిన బండ్లు చాలా ఉంటాయి కాబట్టి ఈ పరీక్ష ఎప్పుడూ వదలొద్దు.

ఇంజిన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపాలి, మీరు పక్కన వంగి స్టీరింగును చక్రాలకు కలిపే డ్రాగ్ లింకు, టై రాడ్ ఎండ్లు చూడాలి. స్టీరింగ్ తిరుగుతున్నా చక్రం కదలకపోతే ఆ మధ్యలో ఎక్కడో అరిగింది. కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్ను) చూడాలంటే ముందు యాక్సిల్ జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఇది రోజూ అక్కర్లేదు, గ్రీజు కొట్టిన ప్రతిసారీ చేస్తే చాలు.

చక్రాల దగ్గర నట్టు చుట్టూ తుప్పు చారలు కారి ఉంటే ఆ నట్టు వదులైంది. చక్రం విప్పి బిగించిన బండికి 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక టార్క్ పానాతో మళ్లీ చూడాలి. ఎంత టార్కో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, పైపు తగిలించి ఎగిరి తొక్కితే కుదిరేది కాదు. కమాన్ (స్ప్రింగు) పట్టీల్లో విరుగుళ్లు, వాటిని యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు, సెంటర్ బోల్టు చూడండి. ఒక పక్క యాక్సిల్ వెనక్కి జరిగినట్టుంటే సెంటర్ బోల్టు తెగిందేమో అనుమానించండి. గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు పోయే షాఫ్టును చేత్తో ఊపి క్రాస్ జాయింట్లు, సెంటర్ బేరింగు చూసుకుంటే కింది పని అయినట్టే. చివరగా లైట్లు, ఇండికేటర్లు, రిఫ్లెక్టర్ టేపు. అలవాటయ్యాక ఇదంతా ఇరవై నిమిషాల పని.

జేబులో సుద్దముక్క, అడుగు స్టీలు స్కేలు, టార్చి, టైరు లోతు గేజీ, సబ్బునీళ్ల స్ప్రే సీసా పెట్టుకోండి. చదువు ముందుకు సాగాలంటే ఐటీఐలోనే రెండేళ్ల మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ ఉంది. ఆర్టీసీ డిపోల్లో అప్రెంటిస్‌షిప్ దొరికితే వదులుకోకండి. అక్కడ బండి పని ఎంత నేర్పుతారో, చేసిన పని షెడ్యూలు ప్రకారం రాసే పద్ధతీ అంతే నేర్పుతారు. బయటి గ్యారేజీల్లో ఆ రెండోది దొరకడం కష్టం.

ప్రశ్న: మా ఆరు చక్రాల లారీ బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోంది. ఆటోమేటిక్ స్లాక్ అని చెప్పారు, అయినా డ్రైవరు వారానికోసారి పానా పెట్టి బిగిస్తున్నాడు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికే. కొత్త స్లాక్ వేయించాలా? (బాలానగర్ నుంచి ఒక లారీ ఓనరు)

జవాబు: ముందు మీ డ్రైవరు చేతిలోంచి ఆ పానా తీసుకోండి. ఆటోమేటిక్ స్లాక్‌ను (లైనర్లు అరిగేకొద్దీ బ్రేకు సందును సర్దే భాగాన్ని) చేత్తో తిప్పాల్సింది కొత్తది బిగించినప్పుడు, లైనర్లు మార్చినప్పుడు మాత్రమే. మాటిమాటికీ వెనక్కీ ముందుకూ తిప్పితే లోపలి క్లచ్ అరిగి, అది తనంతట తాను సర్దుకునే గుణమే పోతుంది. ఆటోమేటిక్ స్లాక్ ఉన్నా స్ట్రోకు (బ్రేకు వేస్తే రాడ్ బయటికి జరిగే దూరం) పెరుగుతోందంటే తప్పు వేరేచోట ఉండొచ్చు. రాడ్‌ను స్లాక్‌కు కలిపే క్లెవిస్ పిన్ను అరిగిందా, లైనర్లను డ్రమ్ముకు ఒత్తే క్యామ్ బుష్ లూజైందా, బ్రాకెట్ వంగిందా అన్నది చూశాకే స్లాక్ సంగతి.

ఎడమకు లాగుతోందంటే చాలాసార్లు ముందు కుడి బ్రేకు పట్టడం లేదని అర్థం. అందరూ ఎడమ చక్రం విప్పుతారు. మీరు రెండూ కొలవండి. బండి చదును నేల మీద పెట్టి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు వేసి, గాలి నిండాక హ్యాండ్‌బ్రేకు వదిలి ఇంజిన్ ఆపండి. బూస్టర్‌లోంచి (గాలి ఒత్తిడితో రాడ్‌ను తోసే డబ్బాలోంచి) రాడ్ బయటికొచ్చే చోట సుద్దతో గీత పెట్టండి. గేజీ 6 నుంచి 7 బార్ల మధ్య ఉండగా ఒకరు పెడల్ పూర్తిగా నొక్కి పట్టుకుంటే, ఆ గీత బూస్టర్ ముఖం నుంచి ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలవాలి. బూస్టర్ సైజు 24 అయితే 45 మిల్లీమీటర్లు, 30 అయితే 51 మిల్లీమీటర్లు హద్దు. ఇది మామూలు స్ట్రోకు బూస్టర్ల లెక్క. లాంగ్ స్ట్రోకు బూస్టర్లకు హద్దు వేరు, వాటి మీద ఆ గుర్తు ఉంటుంది. హద్దులోపలే ఉన్నా, ఒకే యాక్సిల్ మీద కుడి ఎడమలకు పెద్ద తేడా వస్తే బండి లాగుతుంది. బ్రేకు పట్టి ఉన్నప్పుడు రాడ్‌కూ స్లాక్ చేతికీ మధ్య కోణం దాదాపు 90 డిగ్రీలుండాలి. దాన్ని దాటిపోతే ఎంత గాలి కొట్టినా బలం క్యామ్‌కు పూర్తిగా చేరదు.

స్ట్రోకులు సమానంగా ఉన్నా లాగుతుంటే వేడి చూడండి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద నుంచి దిగి నాలుగైదు సార్లు బ్రేకు వేశాక బండి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఒక్కో డ్రమ్ము కొలవండి. అన్నీ వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే అది పనిచేయడం లేదు. ఒకటి మాత్రమే మాడిపోతుంటే అది పట్టేసి వదలడం లేదు, రిటర్న్ స్ప్రింగు గానీ క్యామ్ గానీ బిగుసుకుంది. రెండు పక్కలా వేరువేరు కంపెనీల లైనర్లు వేసినా ఇదే గోల. లైనర్లు ఎప్పుడూ యాక్సిల్‌కు జతగా మార్చాలి.

గాలి లీకు ఎక్కడుందో చెవే చెబుతుంది. పెడల్ నొక్కినప్పుడే బూస్టర్ దగ్గర బుస్సుమంటే డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) చిరిగింది. పెడల్ జోలికి పోకుండా హ్యాండ్‌బ్రేకు వదిలినప్పుడే శబ్దం వస్తే స్ప్రింగ్ బూస్టర్ (హ్యాండ్‌బ్రేకు బూస్టర్) వైపు సీలు పోయింది. మిగతా జాయింట్లకు సబ్బునీళ్లు కొట్టండి, బుడగలే చూపిస్తాయి.

మామూలు స్లాక్ ఉన్న బండ్లవాళ్లకు ఒక మాట. డ్రమ్ము వేడిగా ఉండగా బిగించకండి. వేడికి డ్రమ్ము వ్యాకోచించి ఉంటుంది. చల్లారాక అది ముడుచుకుని లైనర్లను పట్టేస్తుంది. చల్లటి డ్రమ్ము మీద లైనర్లు తగిలేదాకా బిగించి, పావు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పి, చక్రం తేలిగ్గా తిరుగుతోందో లేదో చూసుకోవాలి.

స్ప్రింగ్ బూస్టర్ వెనక భాగం క్లాంపును మాత్రం ఎవరూ విప్పొద్దు. లోపల నొక్కి ఉంచిన స్ప్రింగు ఊడి వస్తే మనిషి ప్రాణం పోతుంది. రిలీజ్ బోల్టుతో స్ప్రింగును లాగి కట్టాకే బూస్టర్‌ను బండి నుంచి దించాలి. పాడైతే మొత్తం యూనిట్ మార్చాలి. వెల్డింగు, తుక్కు దుకాణం సరుకు ఇక్కడ పనికిరావు.

ప్రశ్న: మావారి ఆరు లారీల లెక్కలు నేనే చూస్తాను. ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్ తేదీలు గోడ క్యాలెండర్ మీద రాసుకుంటాను. బిల్లులన్నీ ఒక డబ్బాలో వేస్తాను. చట్టం ప్రకారం రోజూ చెకింగ్ పుస్తకం రాయాలా? ఏది ఎంతకాలం దాచాలి? (పటాన్‌చెరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, లారీ యజమాని రోజూ తనిఖీ పుస్తకం రాయాలని మన మోటారు వాహనాల చట్టంలో సూటిగా చెప్పే సెక్షన్ లేదు. అయినా రాయమనే చెబుతాం, దానికి కారణం సెక్షన్ 190. ప్రమాదం తెచ్చే లోపం ఉన్న బండిని నడిపినా, నడపనిచ్చినా తప్పే. ఆ లోపం మీకు తెలిసి ఉండాల్సిన పని కూడా లేదు, మామూలు జాగ్రత్తతో చూస్తే బయటపడేదైతే చాలు. జరిమానా 1,500 రూపాయలు. ఆ లోపం వల్లే ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే, ఆస్తి నష్టం జరిగితే మూడు నెలల దాకా జైలు గానీ 5,000 రూపాయల జరిమానా గానీ రెండూ గానీ. ప్రమాదం తర్వాత ఎంవీఐ (రవాణా శాఖ వాహన తనిఖీ అధికారి) బండిని పరీక్షించి బ్రేకులు, స్టీరింగు, టైర్లు ఎలా ఉన్నాయో రాస్తారు. ఆ మామూలు జాగ్రత్త మీరు తీసుకున్నారని చూపించడానికి నోటిమాట చాలదు. పుస్తకం కావాలి.

పుస్తకం ఎలా ఉండాలంటే, బండికి ఒకటి చొప్పున పేజీలకు నంబర్లు వేసిన కుట్టు పుస్తకం. విడి కాగితాలు వద్దు. ప్రతి ఎంట్రీలో తేదీ, ఓడోమీటరు రీడింగు, చూసిన మనిషి పేరు, సంతకం ఉండాలి. లోపం రాసేటప్పుడు "బ్రేకు బాగాలేదు" అని రాస్తే దానికి విలువ లేదు. "వెనక యాక్సిల్ కుడి, స్ట్రోకు 55, హద్దు 51" అని రాయాలి. దాని ఎదురుగా ఏం చేశారు, ఏ పార్టు వేశారు, బిల్లు నంబరెంత, చేశాక స్ట్రోకు ఎంత వచ్చింది, ఎవరు చూసి బండి వదిలారు అన్నది రావాలి. లోపం రాసి, దాన్ని సరిచేసినట్టు రాయని పేజీ మీకు ఎదురు తిరుగుతుంది. తెలిసి కూడా బండి తిప్పారనడానికి అదే సాక్ష్యమవుతుంది. అంతకన్నా చెడ్డది నెల మొత్తం ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, "అన్నీ ఓకే" అని ఒకేరోజు నింపిన పుస్తకం. వకీలుకు దాన్ని పట్టుకోవడం ఒక్క నిమిషం పని. బండి ఆ రోజు విజయవాడలో ఉందని టోల్ రికార్డు చెబుతుంటే పటాన్‌చెరులో తనిఖీ చేసినట్టు పుస్తకంలో ఉంటుంది.

ఇక తేదీలు. కొత్త బండికి ఫిట్‌నెస్ రెండేళ్లు. ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి రెన్యువల్. గడువు దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున అదనపు ఫీజు పడుతుంది. ఆరు బండ్లుంటే అది చిన్న మొత్తమేమీ కాదు. పొల్యూషన్ సర్టిఫికెట్ బీఎస్ 4 (పొగ ప్రమాణం), ఆ తర్వాతి బండ్లకు ఏడాది, అంతకు ముందువాటికి ఆరు నెలలు. వీటితో పాటు మూడు నెలల పన్ను, ఇన్సూరెన్స్, పర్మిట్, నేషనల్ పర్మిట్ ఉంటే ఏటా కట్టే 16,500 రూపాయల కాంపోజిట్ ఫీజు, డ్రైవర్ల లైసెన్సు గడువులు. క్యాలెండర్ మీద ఆఖరి తేదీ రాస్తే ఆ రోజే గుర్తొస్తుంది. 45 రోజుల ముందు తేదీ రాయండి. బండి పనులకు, అపాయింట్‌మెంటుకు ఆ మాత్రం వ్యవధి కావాలి. ఒకదాని గడువు ఇంకోదానికి అడ్డం పడుతుందని కూడా గుర్తుంచుకోండి. ఫిట్‌నెస్ లేకపోతే చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే.

పర్మిట్ సంగతి తేలిగ్గా తీసుకునేవాళ్లు చాలామంది. పర్మిట్ లేకుండా నడిపితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. దానికి మించినది బీమా దగ్గర ఉంది. పర్మిట్ లేని బండి ప్రమాదం చేస్తే అది పాలసీ షరతులకు మౌలికమైన ఉల్లంఘనేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. బాధితులకు కంపెనీ ముందు చెల్లించి, ఆ మొత్తం యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు.

రోడ్డు మీద చూపించడానికి డిజీలాకర్, ఎంపరివాహన్‌లో ఉన్న పత్రాలు చెల్లుతాయి. వాట్సాప్‌లో పెట్టుకున్న ఫొటో చెల్లదు. దాచడం విషయానికొస్తే, జీఎస్టీలో ఉన్నవారు బిల్లులు, లెక్కల పుస్తకాలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. మరమ్మతు పుస్తకాలు బండి అమ్మేదాకా ఉంచండి. అమ్మాక కూడా, మీ పేరుతో ఉన్నప్పుడు ప్రమాదం జరిగి ఉంటే ఆ కేసు ముగిసేదాకా పారేయొద్దు. ఆ డబ్బాలో ఉన్న థర్మల్ కాగితం బిల్లులకు ఇవాళే జిరాక్సు తీయించండి, ఎండాకాలం దాటితే వాటి మీద అక్షరం మిగలదు.

ప్రశ్న: ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) పోతే రెండుసార్లు తిప్పి పంపారు. ఇంజిన్ కండిషన్‌లోనే ఉంది. ఏం చూస్తారసలు? (మేడ్చల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇంజిన్ కన్నా చిన్నవాటి దగ్గరే ఎక్కువ బండ్లు ఆగుతాయి. ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనక ఎరుపు రిఫ్లెక్టివ్ టేపు ఉండాలి. ఎండకు వెలిసిపోయి, పెయింటు పడి, లైటు వేస్తే మెరవని టేపు ఉన్నా లేనట్టే. వెనక నుంచి వచ్చే కారు లారీ కిందికి దూరకుండా అడ్డుపడే గార్డు నేలకు 550 మిల్లీమీటర్ల లోపు ఎత్తులో ఉండాలి. లోడింగ్ పాయింట్ దగ్గర తగులుతోందని పైకి వంచి వెల్డింగు చేసినవి పాస్ కావు. పక్క గార్డులదీ అదే సంగతి. 80 కిలోమీటర్ల స్పీడ్ గవర్నర్ వైరు తెంపి ఉండకూడదు. రాగాలు తీసే హారన్ తీసేయండి. వైపర్, రివర్స్ లైటు, రెండు హెడ్‌లైట్లు ఒకే ఎత్తులో పడటం, హ్యాండ్‌బ్రేకు పట్టడం, టైరు గాడి లోతు, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు చూసుకోండి. ఆటోమేటెడ్ స్టేషన్‌లో అయితే రోలర్ల మీద ఒక్కో చక్రం బ్రేకు బలం విడిగా కొలుస్తారు. పైన బాలానగర్ పాఠకుడికి చెప్పిన కొలత ముందురోజు మీరే తీసుకుంటే అక్కడ మిషన్ కొత్తగా కనిపెట్టేదేమీ ఉండదు.

లారీని కడిగించి తీసుకెళ్లండి. అడుగు భాగం బురదతో ఉంటే ఏ ఇన్‌స్పెక్టరుకైనా అనుమానం వస్తుంది, ఆ అనుమానం న్యాయమే.

ప్రశ్న: బీఎస్ 6 బండిలో యూరియా లైటు మాటిమాటికీ వెలుగుతోంది, పికప్ పడిపోతోంది. బయట తక్కువ ధరకు దొరికే యూరియా పోయవచ్చా? చిప్ పెట్టి బైపాస్ చేస్తామని ఒకరు అంటున్నారు. (కాటేదాన్ నుంచి ఒక డ్రైవరు)

జవాబు: రెండూ వద్దు. పొగ శుద్ధి కావడానికి సైలెన్సర్ దారిలో చల్లే ఆ ద్రవంలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది లవణాలు తీసిన నీరు. పొలంలో చల్లే యూరియాను బోరు నీళ్లలో కలిపితే అందులోని లవణాలు పంపు ఫిల్టరులో, దాన్ని చల్లే డోసర్ మూతిలో పేరుకుంటాయి, పొగను శుద్ధి చేసే క్యాటలిస్టు విషం తిన్నట్టు అయిపోతుంది. క్యాటలిస్టు మార్చే ఖర్చు ముందు మీరు లీటరు మీద మిగుల్చుకున్నది ఏ మూలకూ రాదు.

లైటు వెలిగితే ముందు రిఫ్రాక్టోమీటరుతో (ద్రవం గాఢత చూపే పరికరంతో) ఒక బొట్టు చూడండి. 32.5 దగ్గర లేకపోతే ట్యాంకు ఖాళీ చేసి కడగాలి. సరిగ్గానే ఉంటే డోసర్ విప్పి చూడండి. మూతి చుట్టూ తెల్లటి గడ్డ కట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి తీయాలి, స్క్రూడ్రైవరుతో గీకితే రంధ్రం పాడవుతుంది. ఆ తర్వాతే సెన్సర్లు, వైరింగు. ఖర్చయ్యే లెక్క కూడా గమనించండి. డీజిల్‌లో 3 నుంచి 5 శాతం మధ్య ఉండటం మామూలు. 100 లీటర్ల డీజిల్‌కు యూరియా ఒక్క లీటరే తాగిందంటే డోసింగ్ జరగడం లేదు.

నిల్వలో కూడా చాలామంది నష్టపోతారు. 25 డిగ్రీల దగ్గర ఏడాదిన్నర నిలిచే సరుకు 35 డిగ్రీల్లో ఆరు నెలలే నిలుస్తుంది. హైదరాబాదు మే ఎండలో రేకుల షెడ్డు కింద పెట్టిన బకెట్టు గురించి చెప్పక్కర్లేదు. క్యాన్ మీద తేదీ చూసి కొనండి, నీడలో పెట్టండి. డీజిల్ పోసిన గరాటా అందులో పెట్టొద్దు.

బైపాస్ చిప్ అంటే బండిని చట్టవిరుద్ధంగా మార్చడమే. యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. వారంటీ కూడా పోతుంది. ఇంజిన్ ఆయిల్ దగ్గర కూడా పాత అలవాటు మానండి. బీఎస్ 6కు మాన్యువల్ చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోయాలి, చాలా బండ్లకు సీకే 4 గ్రేడ్. పాత గ్రేడ్ ఆయిల్ బూడిద, మసిని పట్టే ఫిల్టరులో కూరుకుపోతే ఎన్నిసార్లు రీజనరేషన్ (ఆ మసిని కాల్చేయడం) చేసినా పోదు. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు. రీజనరేషన్ జరుగుతున్నప్పుడు మధ్యలో ఇంజిన్ ఆపొద్దు. ఆ సమయంలో సైలెన్సర్ విపరీతంగా వేడెక్కుతుంది, ఎండు గడ్డి మీద బండి పెట్టొద్దు.

ప్రశ్న: ఎండాకాలం వెనక టైర్లు పేలుతున్నాయి. వేడికి గాలి పెరిగి పేలుతున్నాయని గాలి తగ్గించి నడుపుతున్నాం. (శంషాబాద్ నుంచి)

జవాబు: అందుకే పేలుతున్నాయి. గాలి తగ్గితే టైరు గోడ ప్రతి చుట్టులోనూ ఎక్కువ వంగుతుంది, ఆ వంపు వల్లే వేడి పుడుతుంది. చెప్పిన గాలి కన్నా 20 శాతం తగ్గితే ఆ టైరును పంచరైనట్టే లెక్కగట్టి విప్పి చూడాలి. జంటలో లోపలిది దిగితే బయటిది రెండింటి బరువూ మోస్తుంది. కర్రతో కొట్టి శబ్దం వింటే ఖాళీ టైరు తెలుస్తుంది గానీ పావు వంతు దిగింది తెలియదు, గేజీ పెట్టాల్సిందే. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడండి. దారిలో వేడిగా ఉండగా ఎక్కువ చూపించిందని గాలి వదలకండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదన్నది చట్టం, ముందు టైర్లను అంతదాకా నడపొద్దన్నది మా మాట. రీట్రేడ్ (పాత టైరుకు కొత్త గాడి పోసిన) టైరు ముందు యాక్సిల్‌కు వేయకండి. రెండు భుజాలూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్. టైరు గోడ మీద 3423 లాంటి నాలుగంకెలుంటే 2023లో 34వ వారం తయారైందని. సెకండ్‌హ్యాండ్ టైరు కొనేటప్పుడు మొదట చూడాల్సింది అదే.

ప్రశ్న: తాండూరు నుంచి నాపరాయి తెస్తాం. నాలుగు టన్నులు ఎక్కువ వేస్తే ఫైన్ ఎంత? (రాజేంద్రనగర్)

జవాబు: 20,000 రూపాయలు, పైన టన్నుకు 2,000. అంటే 28,000. ఎక్కువైన సరుకు మీ ఖర్చుతోనే దింపాకే బండి కదలనిస్తారు. కాంటాకు రానని మొండికేస్తే 40,000. లెక్క మీ ఆర్సీలో రాసిన మొత్తం బరువును బట్టే ఉంటుంది. 2018లో యాక్సిల్ బరువులు పెంచి రెండు యాక్సిళ్ల లారీకి 18.5 టన్నులు చేశారు కదా అని పాత బండి మీద ఆ లెక్క వేసుకోవద్దు. కమాన్ కట్టకు అదనంగా రెండు పట్టీలు వేయించినా బ్రేకు డ్రమ్ములు పాతవే, అవి ఆపాల్సిన బరువు మాత్రం పెరుగుతుంది.

ప్రశ్న: విజయవాడ లోడుతో పోతూ సూర్యాపేట దగ్గర గేరుబాక్సు పోయింది. ఇంకో బండిలోకి సరుకు మార్చాం. కాగితాల్లో ఏం చేయాలి? (ఎల్బీనగర్)

జవాబు: రెండో బండి కదలకముందే ఈవే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ ఆన్‌లైన్ పత్రం) పార్ట్ బీలో దాని నంబరు మార్చాలి. కొత్త బిల్లు అక్కర్లేదు. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువుంటుంది. మరమ్మతు ఆలస్యమైతే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. పాత నంబరుతోనే పోతే సరుకు ఆపి, పన్నుకు రెట్టింపు జరిమానా అడగొచ్చు. ఆగిన బండి ఫొటోలు, మెకానిక్ బిల్లు, సరుకు మార్చిన సమయం బండి పుస్తకంలో ఆరోజే రాసిపెట్టండి. సరుకు ఆలస్యమైందని పార్టీ కిరాయి కోస్తే అవే అక్కరకొస్తాయి. రోడ్డు మీద ఆగిన బండికి రిఫ్లెక్టివ్ త్రికోణం వెనక దూరంగా పెట్టాలి, రాళ్లూ చెట్టుకొమ్మలూ కాదు. బండి తీసేశాక ఆ రాళ్లు అక్కడే ఉండిపోయి బైకుల వాళ్లను పడేస్తున్నాయి.

ప్రశ్న: గ్యారేజీలో దించిన పాత ఇంజిన్ ఆయిల్ షట్టరింగ్ వాళ్లు కొనుక్కుపోతారు. తప్పేమైనా ఉందా? (ఉప్పల్)

జవాబు: ఉంది. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. మూత ఉన్న డ్రమ్ములో, సిమెంటు గచ్చు మీద, వాన తగలని చోట ఉంచండి. కూలెంటు, బ్రేకు ఆయిల్ అందులో కలపొద్దు, కలిస్తే రీసైక్లర్ తీసుకోడు. ఏ తేదీన ఏ బండి నుంచి ఎన్ని లీటర్లు దించారు, ఎవరికి ఎన్ని ఇచ్చారు అన్నది రిజిస్టరులో రాసి, వాళ్లిచ్చిన రసీదు దానికే అంటించండి. తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు వస్తే మొదట అడిగేది ఆ రిజిస్టరే. పాత ఫిల్టర్లను బోర్లించి ఆయిల్ పూర్తిగా కారనిచ్చాకే వాటిని పక్కన పెట్టండి.